ఇవ్వని డబ్బీకి సున్నా

మీరు ఒక ప్రశ్న అడిగారు. ఎదుటి మనిషి నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పండి, ఆ మనిషి మీకు ఏమని జవాబు ఇచ్చినట్టు?

'ఒప్పుకున్నట్టు' అనే మాట మీ నాలుక చివరి దాకా వచ్చి ఉంటుంది. నాకు తెలుసు. పాతికేళ్ళు నేనూ అదే అన్నాను. ఆ జవాబు మీదే నా పేరు నిలబెట్టుకున్నాను. ఆ జవాబుతోనే మా అత్తను ఆసుపత్రి మంచం దాకా నడిపించాను.

విజయనగరంలో నా కాలేజీ రోజుల్లో మాకొక చర్చా మండలి ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద, కాళ్ళు విరిగిన బెంచీల మీద కూర్చుని జాతకాల మీద, వాస్తు మీద, జంతుబలి మీద, కులం మీద వాదించుకునేవాళ్ళం. అధ్యక్షుడి ముందు ఒక ఇత్తడి గంట. ప్రశ్న పడ్డాక రెండు నిమిషాలు గడువు. గంట మోగేలోగా జవాబు రాకపోతే "జవాబు లేదు కనుక ఈ పక్షం ఓడింది" అని ప్రకటన. ఆ వాక్యం వినడానికి నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఒకసారి బలిని సమర్థిస్తూ మాట్లాడటానికి ఒక రైతు వచ్చాడు. నేను అడిగిన మూడో ప్రశ్నకే ఆయన కండువాతో మొహం తుడుచుకుంటూ నిలబడిపోయాడు. గంట మోగింది. మెట్లు దిగుతూ ఆయన నాతో, "మాకు మాటలు రావు గానీ బాబూ, సెప్పడానికి ఏటీ నేక కాదు" అన్నాడు. మేం నవ్వుకున్నాం. ఓడినవాడు అలాగే అంటాడు కదా.

జంతుబలి విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. మారింది ఆ గంట గురించి.

మండలి మూతపడ్డాక ఆ గంట నా దగ్గరే ఉండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత రాజాంలో మేం చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టుకున్నప్పుడు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాను. విత్తనాల కొట్టు పైన మూడు గదులు. కింద నుంచి ఎరువుల వాసన, వీధిలోంచి ధాన్యం లారీల హారన్లు. నాతో కలిపి ఐదుగురు మగవాళ్ళం, ఒక అమ్మాయి. అందరం చుట్టుపక్కల కాలేజీల్లో చదువుకున్నవాళ్ళమే. పెద్ద నిర్ణయం ఏదైనా చర్చతోనే తేలాలని, గంటతోనే ముగియాలని నియమం పెట్టాను. మిగతా ఆఫీసుల్లో యజమాని మాట చెల్లుతుంది, మా దగ్గర హేతువు మాట చెల్లుతుంది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాణ్ణి. గంట మాత్రం ఎప్పుడూ నా చేతికి అందేంత దూరంలోనే ఉండేది. అది నాకు వింతగా తోచలేదు.

ఆ అమ్మాయిది బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం. వాళ్ళమ్మ నర్సు. నేను ఊరుకోకుండా, "ఆదివారం ఆదివారం బుర్రకు సెలవు పెడతావేమిటి?" అని ఆటపట్టిస్తే, ఆమె కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, "ఆ ఒక్క రోజే కద సార్, మీ గంట ఇనపడదు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

మూడేళ్ళ కిందట ఒక సేవా సంస్థ మాకు పని అప్పగించింది. వాళ్ళ వ్యాన్ వంశధార పక్క ఊళ్ళలో తిరుగుతూ మూత్రపిండాల జబ్బును ముందే పట్టుకోవాలి. పద్ధతి చాలా మామూలుది. అందరి దగ్గరా డబ్బీలో మూత్రం తీసుకుని అందులో ఒక పట్టీ ముంచుతారు. రంగు మారకపోతే సున్నా, అంటే బాగుంది. మారితే ఒకటి, రెండు, మూడు. ఒకటి నుంచి పైన ఉన్నవాళ్ళకే రక్తం తీస్తారు, వాళ్ళనే ఆసుపత్రికి పిలుస్తారు. ఎవరిని పిలవాలో చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క, మా భాషలో మాడ్యూల్, మేం తయారు చేయాలి. అదే ముక్క ఆరోగ్య కార్యకర్త ఫోన్లో, వ్యాన్‌లోని పాత ల్యాప్‌టాప్‌లో, ఆసుపత్రి కంప్యూటర్లో ఎక్కడైనా నడవాలి.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఒక్కో చోట సాఫ్ట్‌వేర్ ఒక్కో కంప్యూటర్ భాషలో రాసి ఉంటుంది. ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు. అందుకని ముందుగా వాటి మధ్య ఒక ఒప్పందపత్రం రాసుకుంటాం. నువ్వు ఇది అడుగు, నేను ఇది ఇస్తాను, అది అంకె రూపంలో ఉంటుంది, ఇది పేరు రూపంలో ఉంటుంది, అని. ఆ పత్రం రాయడానికే ప్రత్యేకమైన భాషలున్నాయి. ఇంటర్‌ఫేస్ వివరణ భాషలంటారు. మేం వాటిలో ఒకటి ఎంచుకోవాలి. చివరికి రెండు మిగిలాయి.

మొదటిది పాతది, అందరికీ అలవాటైనది. పనిముట్లన్నీ సిద్ధంగా దొరుకుతాయి, సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో కూడా చిన్న మూటలో సమాచారం వెళ్ళిపోతుంది. దానికొక స్వభావం ఉంది. పంపేవాడు ఒక అంకెను పంపకపోతే అందుకునేవాడు దాన్ని సున్నాగా చదువుకుంటాడు. 'ఇది ఉండొచ్చు, లేకపోవచ్చు' అని విడిగా రాసుకునే వీలు ఉంది, కానీ రాయడం మరిచిపోతే అది మనల్ని ఆపదు. రెండోది కొత్తది, ఇలా ఎక్కడికైనా మోసుకుపోయే ముక్కల కోసమే పుట్టినది. లేకపోయే అవకాశం ఉందని ఒకసారి రాస్తే చాలు, విలువ వస్తే ఏం చేయాలి, రాకపోతే ఏం చేయాలి అని రెండు దారులూ మనం రాసేదాకా మాడ్యూల్‌ను తయారే కానివ్వదు. మొండిది. పైగా కొన్ని నెలలకోసారి దాని తీరు మారుతుండేది, పాత ఫోన్లలో నడవడానికి సతాయించేది.

నేను పాతదాని పక్షం. ఆ అమ్మాయి కొత్తదాని పక్షం. ఆ రోజు నేను చెప్పిన కారణాలు ఈ రోజుకీ అబద్ధాలు కావు. అదే నన్ను తినేస్తున్నది. అబద్ధం చెప్పి గెలిచి ఉంటే నన్ను నేను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

"పాతదాంట్లో విలువ రాకపోతే ఏటవుతాది సార్?" అని అడిగింది.

"సున్నా అవుతుంది."

"సున్నా అంటే మంచి రిపోర్టు కద సార్ మనకి."

"విలువ ఎందుకు రాదు? కార్యకర్త ఆ మనిషి పేరు తెరిచిందంటే ముందు డబ్బీ ఉన్నట్టే. డబ్బీ ఉంటే పట్టీ ముంచుతుంది. ముంచితే రంగు, రంగుంటే అంకె. పేరుండి అంకె లేని మనిషి ఎవరు? ఒక్క ఉదాహరణ చెప్పు, నేను నీ పక్షానికి వచ్చేస్తాను."

మాలో ఒకడు కుర్చీ వెనక్కి వాల్చి, "సెప్పండి మేడం, గంట ఆకలి మీదున్నాది" అన్నాడు. గది గొల్లుమంది.

ఆమె నోరు తెరిచింది. మా ఐదుగురి వంకా చూసింది. తర్వాత కిటికీ వంక చూసింది.

"ఉంటారు సార్..."

"ఉంటారు అంటే జవాబు కాదు. ఎవరు? ఏ ఊళ్ళో? ఎందుకు?"

"అమ్మని అడిగి రాసుకొస్తాను. రెండ్రోజులియ్యండి."

"చర్చ ఈ రోజు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని పెన్ను మూత తీసింది, పెట్టింది. గంట కొట్టాను. "జవాబు లేదు కనుక..." అని నేను మొదలుపెడితే మిగతా వాక్యం అందరూ కలిసి పూర్తిచేశారు. ఒప్పందపత్రం నా చేత్తో నేనే రాశాను. పట్టీ ఫలితం అన్నచోట 'అంకె' అని రాశాను. లేకపోవచ్చు అని రాయలేదు. అవసరం లేదని గంట తేల్చింది కదా.

మా మేనత్త ఊరు శ్రీముఖలింగం దగ్గర, ఏటి ఒడ్డునే. మావ పల్లంలో వరి, మెట్టలో చోడి, ఉలవలు పండిస్తాడు. చిన్నప్పుడు సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. ఆమె పోసిన చోడి అంబలి తాగి పెరిగినవాణ్ణి. వ్యాన్ వాళ్ళ ఊరు వెళ్ళిన వారం ఆఫీసులో జాబితా తెరిచి చూస్తే ఆమె పేరు కనపడింది. ఎదురుగా సున్నా. పక్కన ఆకుపచ్చ గుర్తు. మేం చేసిన పని మా ఇంటి గడప తొక్కిందని నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను. వెంటనే ఫోన్ చేశాను.

"అత్తా, వ్యాన్ దగ్గరికి వెళ్ళావా?"

"ఎల్లినాన్రా. పేరు రాసుకున్నారు, సేతికి గుడ్డ సుట్టి గాలి కొట్టినారు. బండి బాగున్నాది."

"నీ రిపోర్టు నా కళ్ళ ముందే ఉంది. సున్నా వచ్చింది."

"సున్నా అంటే మంచిదేటి?"

"సున్నా కన్నా మంచిది లేదు. నీ మూత్రపిండాలు భేషుగ్గా ఉన్నాయి."

అవతల మాట లేదు. వెనకాల మావ ఎవరితోనో నీళ్ళ వంతు గురించి మాట్లాడటం వినపడింది. కొంతసేపటికి అత్త, "సరే అయితే. మిషనే సెప్పినాదంటే మరేటి" అంది. ఆ మధ్యలో పడిన ఖాళీని నేను విన్నాను. దానికి కూడా ఒక విలువ వేసుకున్నాను. సంతోషమని.

నాలుగు నెలల తర్వాత మావ ఫోన్ చేశాడు. "ఒరే, మీ అత్తకి కాల్లు పొంగినాయి. పొద్దుటేల మొహం కూడా ఉబ్బుగుంటన్నాది. ముకలింగం ఎల్లి మొక్కు సెల్లించి, అటునుంచి అటే సీకాకులం ఎల్లి డాట్రుకి సూపిద్దుమనుకుంటన్నాను."

నాకు ఆ వాక్యంలో మొక్కు ఒక్కటే వినపడింది. పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. దేవుడికి మూత్రపిండాలతో ఏం పని అన్నాను. వంగి నాట్లు వేసేవాళ్ళకు కాళ్ళు పొంగుతాయన్నాను, ఆవకాయ తగ్గించమన్నాను. మావ అంతా విని, "మరి డాట్రుకి..." అన్నాడు.

"అదే పరీక్ష మళ్ళీ ఎందుకు మావా? నా మాట కాదు, రుజువు ఉంది. సున్నా."

"పెద్ద సదువులోడివి, నువ్వు సెప్తే కాదంటానేట్రా" అన్నాడు. ఎగతాళి లేదు అందులో. ఉన్నా బాగుండేది.

మొక్కు వల్ల ఆమెకు నయమయ్యేదని నేను ఈ రోజుకీ అనను. మొక్కుకు వెళ్ళినా ఆ జబ్బు అక్కడే ఉండేది. కానీ మావకు ఒక అనుమానం పుట్టింది, అది అతన్ని డాక్టరు దాకా తీసుకెళ్ళేది. అనుమానం పుట్టించడమే నా జీవితంలో నేను చేసిన పని అని చెప్పుకుంటాను. ఒక రైతుకు దానంతట అది పుట్టిన అనుమానాన్ని ఫోన్లోనే చంపేశాను. చంపడానికి రుజువు అనే మాట వాడాను.

మరో మూడు నెలలకు అత్తకు తిండి సయించడం మానేసింది. ఒకరోజు పొలం గట్టు మీద కూలబడిపోతే మావ ఇంక నన్ను అడగలేదు. శ్రీకాకుళం తీసుకెళ్ళి అప్పుడు ఫోన్ చేశాడు. నేను రాజాం నుంచి వెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. మొహం ఉబ్బి, నాకు తెలిసిన మొహంలా లేదు. డాక్టరు నడివయసు ఆడమనిషి. కాగితాలు చూస్తూ, "మూత్రపిండాలు బాగా పాడైపోయాయి. ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని అడిగింది.

నేను ఫోన్ తీసి చూపించాను. ఆకుపచ్చ గుర్తు. సున్నా. ఎందుకు చూపించానో తెలుసా? నా వాదన నిలబెట్టుకోవడానికి. ఆ గదిలో కూడా.

డాక్టరు ఫోన్ చూసింది. నన్ను ఏమీ అడగలేదు. అత్త వైపు తిరిగి, "అమ్మా, ఆ రోజు మీరు ఒంటేలు పట్టి ఇచ్చారా?" అంది.

అత్త నా వంక చూసింది, మావ వంక చూసింది, చీర కొంగు సవరించుకుంది. మాట్లాడలేదు. నా చెయ్యి అలవాటుగా, రెండు నిమిషాలు లెక్కపెట్టుకోవడానికి సిద్ధమైంది. డాక్టరు మాత్రం కుర్చీలో వెనక్కి ఆనుకుని, "మీరిద్దరూ కాస్త బయటికి వెళ్ళండి" అంది. తలుపు వేశారు. మేం వసారాలో నిలబడ్డాం. ఎంతసేపో నేను చూసుకోలేదు. తలుపు తీసి డాక్టరు ఒకటే మాట చెప్పింది.

"ఇవ్వలేదట."

అంతే. ఆ మాట బయటికి రావడానికి ఒక ఆడమనిషి, ఒక మూసిన తలుపు, తొందర లేని కొంత సమయం కావలసివచ్చాయి. నా పత్రంలో వీటిలో దేనికీ చోటు లేదు.

తర్వాత అత్త నాకు చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, గోడ వైపు తిరిగి చెప్పింది. "బడికాడ ఎట్టినార్రా బండి. మరుగుదొడ్డికి తాళమేసుంది. మగోల్లంతా వరసలో నిలబడున్నారు. ఏ కంపసాటుకో ఎల్లి పట్టినా, ఆ డబ్బీ సేత్తో పట్టుకుని ఆల్ల మద్దెనుంచి నడుసుకు రమ్మంటావేటి? ఉత్త డబ్బీకే మూతెట్టీసి గోడ మీద ఎట్టీసి వచ్చీసినాను. నాదొక్కద్దే కాదు. వరసగా ఉన్నాయి."

"మరి నేను ఫోన్ చేసి బాగుందని చెప్పినప్పుడు..."

"నువ్వు నా మేనల్లుడివి. నీతో సెప్పే మాటేట్రా అది? పక్కన మీ మావ ఉన్నాడు, ఊరోల్లున్నారు. సేతికి గాలి కొట్టినారు కద, దాంట్లోనే అంతా తెలిసిపోనాదేమో అనుకున్నాను. మీ సదువులు మాకేటి తెలుస్తాయి." నా వైపు తిరిగింది. "నీ మిషనికి నోరు నేదేట్రా? 'ఓలే, నువ్వు డబ్బీ ఇవ్వనేదేటి' అని ఒక్క మాట అడగనేదు?"

అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా నేను రాశాను. కార్యకర్త తప్పు కూడా నేను పట్టలేను. ఆమె అందరి ముందూ పేరు పెట్టి పిలిచి అవమానించడం ఇష్టం లేక ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఆమె ఖాళీ అని పంపింది. ఆ ఖాళీని మంచి ఆరోగ్యంగా మార్చింది నేను ఎంచుకున్న భాష.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాను. గట్టిగానే అడిగాను, ఆ బుద్ధి పోలేదు. "నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు సార్. మా అమ్మ ఇలాంటి బండి మీదే కొన్నాళ్ళు పన్జేసినాది. సాయంత్రానికి గోడల మీద డబ్బీలు ఏరడమే ఒక పని అనేది. ముట్టు రోజుల్లో ఉన్నోళ్ళు అసలివ్వరు. పెద్దోళ్ళు సిగ్గుపడి ఇవ్వరు. కోడళ్ళు అత్తల ముందు ఇవ్వరు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"ఐదుగురు మగోళ్ళ మధ్యని నిలబడి, ఇదంతా, రెండు నిమిషాల్లోనా?" అంది. ఆమె గొంతు పెంచలేదు. "రెండ్రోజులడిగినాను సార్. మీరియ్యలేదు. అయినా రాసుకొచ్చినాను. మీ బల్ల మీద ఎట్టినాను. 'చర్చ అయిపోయింది' అని చదవకుండా నా చేతికే ఇచ్చీసినారు."

సంచిలోంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర నలిగి ఉంది. గుండ్రటి అక్షరాలు. 'నమూనా ఇవ్వని ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు సున్నా వేయకూడదు. కొత్త భాషలో అయితే మనం మరిచిపోయినా అది మరవనివ్వదు.' ఎన్నో వేల పేజీలు చదివిన నేను ఆ మూడు వాక్యాలు చదవలేదు.

తప్పు తెలిస్తే దిద్దుకోవచ్చనేది మా హేతువాదుల ధైర్యం. ఆ ధైర్యంతోనే సేవా సంస్థ సమన్వయకర్త దగ్గరికి వెళ్ళాను. మంచివాడే. అంతా విన్నాడు. ఆ ఒప్పందపత్రం మీద అప్పటికే మరో రెండు సంస్థలు తమ సాఫ్ట్‌వేర్ కట్టుకున్నాయని, దాన్ని మారిస్తే అన్నీ ఒకేసారి ఆగిపోతాయని చెప్పాడు. కార్యకర్తల పాత ఫోన్లలోకి కొత్తది ఎక్కదు. "వచ్చే విడతలో చూద్దాం సార్."

"వచ్చే విడత ఎప్పుడు?"

ఆయన కిందికి చూశాడు. గంట కొట్టి ఏం సాధించను?

పత్రం మార్చకుండా 'నమూనా ఇచ్చారా' అని ఒక కొత్త గడి చేర్చుదామని మేం కూర్చున్నాం. పాత ఫోన్లు ఆ గడిని పంపవు. పంపని దాన్ని ఆ భాష 'లేదు' అని చదువుతుంది. అప్పుడు నిజంగా ఇచ్చినవాళ్ళు కూడా ఇవ్వనివాళ్ళవుతారు. ప్రశ్నను తిరగేసి 'ఇవ్వలేదా' అని పెడితే పాత ఫోన్లలో అందరూ ఇచ్చినవాళ్ళవుతారు. ఎటు తిప్పినా ఖాళీ వెళ్ళి ఏదో ఒక జవాబు వేషం వేసుకుంటుంది. అప్పటికే పోగైన సున్నాల సంగతి మరీ దారుణం. జాబితా తెరిచి ఒక్కో పేరూ కిందికి జరుపుకుంటూ పోయాను. సున్నా, సున్నా, సున్నా. ఏది పట్టీ ముంచితే వచ్చిన సున్నా, ఏది గోడ మీద మిగిలిపోయిన డబ్బీ? తేడా ఎక్కడా నమోదు కాలేదు. కావలసినంత కాలం చూస్తూ కూర్చోవచ్చు. తెలియదు.

సరే, ఊళ్ళకే వెళ్తానన్నాను. వెళ్ళాను. ఒక గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, ఆ రోజు బండి వచ్చినప్పుడు మీరు డబ్బీ ఇచ్చారా?" అని అడిగాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇంకో ఇంట్లో కొడుకు వచ్చి, "ఏటి సార్ ఆడోల్లని అడిగీ మాటేనా ఇది?" అన్నాడు. మూడో ఇంట్లో ముసలమ్మ నవ్వి, "బాగున్నాదని మీరే సెప్పినారు కదా బాబూ, మల్లీ మీకే అనుమానమేటి?" అంది. పాతికేళ్ళు మాట్లాడటం నేర్చుకున్నవాణ్ణి, ఆ వీధి చివర చేతిపంపు దగ్గర నిలబడి ఒక్క మాట దొరక్క తిరిగొచ్చాను.

ఇప్పుడు ఆ అమ్మాయి ఆదివారాలు చర్చి అయ్యాక వాళ్ళమ్మతో కలిసి వెళ్తున్నది. నేను వాళ్ళను ఊరి మొదట్లో దింపి టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. వాళ్ళు పెరటి వైపు నుంచి వెళ్తారు. చింతపండు గింజ తీస్తూనో, చేటలో బియ్యం ఏరుతూనో మాటలు సాగుతాయి. ఎప్పటికో ఆ మాట వస్తుంది. ఒక రోజుకు ఒక వీధి. కొందరు దొరికారు. పరీక్షకు తీసుకెళ్ళారు. ఒకామెకు రెండు వచ్చింది, ఇంకా సమయం ఉందన్నారు. మిగతా వీధులు, మిగతా ఊళ్ళు, వంశధార అవతలి గట్టు, అన్నీ అలాగే ఉన్నాయి. వ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆ పత్రమే నడుస్తున్నది. ఈ నెల కూడా ఎవరో ఒకరు గోడ మీద డబ్బీ పెట్టి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు, నా అక్షరాలు ఆమెకు సున్నా వేసి ఉంటాయి.

అత్త వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన పడుకుంటుంది. ఆ మూత్రపిండాలు తిరిగి రావని డాక్టరు చెప్పింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె ఆ యంత్రం వంక గడ్డం ఎత్తి చూపించి, "ఇది నయం రా. ఏదైనా ఊడిపోతే కుయ్యిమని అరుస్తాది. నీది అరవనేదు" అంటుంది. తిట్టదు. కోపం లేదని నేను అనుకోను. ఆమె చెప్పనిదాన్ని నేను ఇంకోసారి పూరించను.

గంటను ఆఫీసు బల్ల మీంచి తీసేశాను. దాంతో ఒరిగిందేమీ లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఏ ఆడమనిషికైనా ఇలాంటి బండి దగ్గర పరీక్ష జరిగి, బాగుందని చెప్పి పంపించి ఉంటే ఈ పేజీ ఇక్కడ ఆపండి. మగవాళ్ళైతే మీరు అడగకండి, ఆమె మాట్లాడగల ఆడమనిషిని లోపలికి పంపి మీరు బయటికి నడవండి. 'ఆ రోజు డబ్బీ ఇచ్చావా?' అని అడిగించండి. ఆమె మాట్లాడకపోతే ఆ మౌనానికి ఏ విలువా వేయకండి. ఆమెను తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించండి. రేపు కాదు. లేవండి.